‘సిబ్బంది’కి ఆంగ్లమున ఏ మాట?

మన బాలబాలికలు ఇంట తెలుగును, వీధిలో కన్నడమును, బడిలో ఈ రెంటితోపాటు ఆంగ్లమును నేర్చుచున్నారు. ఆంగ్లమున వ్యాసము వ్రాయునపుడు వారిని మిక్కిలి తికమకపెట్టునవి పనివారి సమూహములను తెలుపు పదములు. స్టాఫ్, క్రూ, గ్యాంగ్, లేబర్, వర్క్‌ఫోర్స్, ఎంప్లాయీస్ అను మాటలు నిఘంటువు చూచినవారికి ఇంచుమించు ఒకటిగానే కనబడును. వాడుకలో అట్లు కాదు.

మనకు ‘సిబ్బంది’ అను ఒక్క మాట చాలును. తాలూకా కచేరి గుమాస్తాలు, ఆసుపత్రి నర్సులు, బడి ఆయాలు అందరును సిబ్బందియే. పారసీకమునుండి వచ్చిన ఈ పదము ఒకప్పుడు కావలికిని, శిస్తు వసూలుకును పెట్టుకొనిన తాత్కాలిక బంట్లకు పేరు. కన్నడమునను ఇదే పదము ఇదే అర్థమున నున్నది. ‘నౌకరు’ విషయమున మాత్రము చిక్కు గలదు. తెలుగున నౌకరనగా ఇంటిపని చేయువాడు. కన్నడమున ‘సర్కారి నౌకర’ యనగా ప్రభుత్వోద్యోగి. (ఆంగ్లమునను ప్రభుత్వోద్యోగిని ‘సర్వెంట్’ అనుట కలదు, అందు అగౌరవమేమియు లేదు.)

మన తాలూకాలోని ఉదాహరణమే తీసికొందము. తిరుమణి, వళ్లూరు, బలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములను రైతులనుండి కౌలుకు తీసికొని, 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమును నెలకొల్పినారు. అది 2018లో ప్రారంభమైనది. అచ్చటి కార్యాలయమున నెలజీతముపై నున్న ఇంజనీర్లు, లెక్కలు వ్రాయువారు ‘స్టాఫ్’. ఒక మేస్త్రి క్రింద జట్టుగా కదలి పలకలను తుడుచువారు ‘క్రూ’. అదే జట్టు రైలుపట్టాల మరమ్మతు చేసిన ‘గ్యాంగ్’ అగును. కాని ‘గ్యాంగ్’ అనగా దొంగలముఠా అను అర్థమును ఉన్నందున పిల్లలు దానిని జాగ్రత్తగా వాడవలెను. గడ్డి కోయుటకు, కావలి కాయుటకు గుత్తేదారు పంపువారు ‘కాంట్రాక్ట్ లేబర్’. అందరిని కలిపి లెక్కించునపుడు ‘వర్క్‌ఫోర్స్’. నిన్నటి వేరుశెనగ రైతు నేడు ఆ పొలముననే గడ్డి కోయుచున్నచో అతడు ఈ పేర్లలో దేనికి చెందునో తెలియుటకు ఒక్కటే ప్రశ్న వేయవలెను: కూలి ఇచ్చునది ఎవరు?

వ్యాకరణమున రెండు పొరపాట్లు తరచుగా కనబడుచున్నవి. ఒకే వ్యక్తిని ‘ఎ స్టాఫ్’ అనరాదు. ‘ఎ మెంబర్ ఆఫ్ ది స్టాఫ్’ అనవలెను. పనివారి అర్థమున ‘లేబర్స్’ అనుటయు తప్పే, ‘లేబరర్స్’ అనవలెను. ఇక ‘కూలి’ని ఎన్నడును ఆంగ్లములోనికి తీసికొనిపోరాదు. మనకది కేవలము శ్రమకు వచ్చు ప్రతిఫలము, ఆంగ్లమున తిట్టు. దక్షిణాఫ్రికాలో గాంధీగారిని ‘కూలీ బారిష్టర్’ అని పిలిచినది ఆ అవమానార్థముననే.

ఇవి పరీక్షలో మార్కులకు మాత్రమే పనికివచ్చు భేదములని తల్లిదండ్రులు తలంపరాదు. చట్టమునందు ‘ఎంప్లాయీ’ అను ఒక్క పదముపై వేలాది ఉపాధ్యాయుల గ్రాట్యుటీ ఆధారపడినది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టమును 1997 ఏప్రిల్ 3న ప్రభుత్వము పదిమందియైనను పనిచేయు విద్యాసంస్థలకు వర్తింపజేసెను. అయితే ఆ చట్టమున ‘ఎంప్లాయీ’ యనగా శారీరకమో, సాంకేతికమో, గుమాస్తా పనియో, పర్యవేక్షణమో చేయువాడని నిర్వచనము. పాఠము చెప్పుట వీనిలో ఏదియు కాదని సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పెను. లోకవ్యవహారమున ఉపాధ్యాయుడు బడి ‘స్టాఫ్’లో మొదటివాడు, చట్టము దృష్టిలో బడి గంట కొట్టువాడు ‘ఎంప్లాయీ’, ఉపాధ్యాయుడు కాడు! ఈ వైపరీత్యమును తొలగించుటకు పార్లమెంటు 2009లో నిర్వచనమును మార్చి, శారీరకమైనను మరియొకటైనను ఏ పనియైనను చాలునని చేర్చి, దానిని 1997 ఏప్రిల్ 3 నుండియే అమలగునట్లు చేసెను. కొన్ని ప్రైవేటు పాఠశాలల యాజమాన్యములు ఆ సవరణను ప్రశ్నించినవి. 2022లో సుప్రీంకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చి, ఉపాధ్యాయులకు రావలసిన సొమ్మును వడ్డీతో చెల్లింపుమని ఆదేశించినది.