యంత్రం మాట ఎలా వింటుంది?

మీరు మాట్లాడితే యంత్రం దాన్ని అక్షరాల్లో పెట్టడం ఇవాళ వింత కాదు. ఆ విద్యలో మన చెన్నైకీ కొంత పాలుంది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు ఇక్కడి గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టా పుచ్చుకున్నారు. చదివింది సివిల్ ఇంజనీరింగు! తర్వాత అమెరికాలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, యంత్రాలకు మాట వినడం నేర్పారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు.

ఆయన శిష్యుడు జేమ్స్ బేకర్ 1975లో తన పరిశోధనకు లెక్కల దారి పట్టారు. ఆ దారి ఏమిటో చూద్దాం.

వీధిలో పూలమ్మే ఆమె "అమ్మా" అని సాగదీసి పిలుస్తుంది. ఇంట్లో పిల్లవాడు అదే మాట గబుక్కున అంటాడు. రెండూ ఒకటేనని యంత్రానికి తెలిసేదెలా? అది ధ్వనిని సెకనులో నూరో వంతు ముక్కలుగా తరుగుతుంది. ప్రతి ముక్కా ఏదో ఒక స్థితి నుంచి వచ్చిందనుకుంటుంది. ఉన్న స్థితిలోనే నిలవడానికి ఇంత అవకాశం, తర్వాతి దానికి జరగడానికి ఇంత అని లెక్క కడుతుంది. సాగదీస్తే నిలిచింది ఎక్కువ సేపు, అంతే. మనకు వినబడేది చప్పుడే, స్థితి కనబడదు. అందుకే రష్యన్ గణితవేత్త మార్కోవ్ పేరుతో దీన్ని "దాగిన మార్కోవ్ నమూనా" అన్నారు.

చప్పుడొక్కటే చాలదు. విన్నది "పాలు"నో "బాలు"నో తేలలేదనుకోండి. పక్కన "పొంగాయి" అని ఉంటే మీకు సందేహం ఉండదు. యంత్రమూ ఏ మాట పక్కన ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, రెండు అంచనాలనూ కలిపి చూస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. లెక్కపెట్టడానికి రికార్డు చేసిన గొంతులు కావాలి, అవి ఏం పలికాయో రాసినదీ కావాలి. ఇంగ్లీషుకు దొరికినంత తెలుగుకు దొరకలేదు. పైగా మనకు వచ్చాడు, వచ్చాడట, వచ్చాడటగా అంటూ ఒక్క క్రియకే రూపాలు బోలెడు. ఏ యాస గొంతులు ఆ పోగులో లేవో, ఆ యాసవాళ్ల మాట యంత్రానికి తప్పుగానే వినబడుతుంది. రాయలసీమ రైతు ఫోనులో ధర అడిగితే నష్టం ఆయనదే.

2010 తర్వాత న్యూరల్ నెట్‌వర్కులు వచ్చి మార్కోవ్ నమూనాను చాలావరకు పక్కకు నెట్టాయి. గొంతుల ఆకలి మాత్రం ఇంకా పెరిగింది. చెన్నై ఐ.ఐ.టి.లోని ఏఐ ఫర్ భారత్ బృందం 22 భారతీయ భాషల మాటలు సేకరించి 2024లో బయటపెట్టింది. అందులో తెలుగూ ఉంది.