మొదటి కొలువు... నాణేల కొట్లో!

సిరిసిల్లలో మొదటి సంపాదన అంటే చాలా ఇళ్లలో సాంచెల దగ్గర మొదలైందే. జగిత్యాల, కోరుట్ల వైపు వెళ్తే ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట, మగవాళ్ల చేతిలో గల్ఫ్‌ పాస్‌పోర్టు. అలాంటి చోట కుర్రాడెవరైనా 'నాణేల కొట్లో పనికి వెళ్తా' అంటే ఇంట్లోవాళ్లు ముందు నవ్వుతారు. కానీ అదీ ఒక కొలువే. పాత నాణేలు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు హైదరాబాదులో ఉన్నారు. ముంబయి, బెంగళూరుల్లో అయితే నాణేల వేలానికి ప్రత్యేకంగా సంస్థలే ఉన్నాయి. నాణేన్ని చదివే కన్ను, గంటలకొద్దీ కూర్చునే ఓపిక, చేతి నిజాయతీ... ఆ కౌంటరు వెనక నిలబడటానికి కావాల్సిన అర్హతలు ఈ మూడే!

అమ్మమ్మ పెట్టెలోనే పాఠం

ఈ పనిలో మన ప్రాంతం పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. ఒకప్పుడు ఇదంతా నిజాం రాజ్యం. చలామణీలో ఉన్నది హాలీ సిక్కా. ఆ రూపాయలు పాత ఇళ్లలో, అమ్మమ్మల ట్రంకుపెట్టెల్లో ఇప్పటికీ ఒకటీ అరా కనిపిస్తాయి. చార్మినార్‌ బొమ్మ ఉన్న రూపాయి దొరికితే, మధ్య ద్వారంలోకి భూతద్దంతో చూడాలి. అక్కడో ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్‌' అయితే మహబూబ్‌ అలీఖాన్‌ కాలానిది. 'ఐన్‌' అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్‌ అలీఖాన్‌ది.

ఇక సంవత్సరం. నాణెం మీద ఉండేది హిజ్రీ లెక్క. దాన్ని 0.97తో గుణించి, 622 కలిపితే మన సంవత్సరం దాదాపుగా వచ్చేస్తుంది. ఉదాహరణకు 1321 అని ఉంటే, అది 1903. హైదరాబాదులో సైఫాబాద్‌ టంకశాల మొదలైన ఏడాది అదే!

తర్వాత తూకం. బ్రిటిష్‌ ఇండియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. చార్మినార్‌ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అందుకే ఆ రోజుల్లో ఆరు బ్రిటిష్‌ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు ఇచ్చేవారు. ఈ అంకెలు నోటికి వస్తే సగం నకిలీలు తక్కెడ దగ్గరే దొరికిపోతాయి. మిగిలినవాటి సంగతి అంచు చెబుతుంది. అచ్చులో పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపించవచ్చు. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండే కాదు.

చింతపండు పెట్టారో...

కొత్తగా చేరిన కుర్రాడికి మొదట్లో అమ్మకం అప్పగించరు. తూచడం, కొలవడం, ఫొటో తీయడం, కవరు మీద వివరాలు రాయడం... ఇదే పని. నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. వేలిముద్ర పడితే ఆ చెమటే మరకవుతుంది. ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో తోమితే తళతళలాడుతుంది కానీ విలువ అక్కడే పోతుంది. ఏళ్ల తరబడి పట్టిన ఆ నలుపునే సేకర్తలు కోరుకుంటారు.

కొనకూడనిదీ ఉంది

అసలు పరీక్ష వేరే ఉంది. మట్టి కూడా వదలని నాణేలు మూటలో కట్టుకుని ఎవరో కొట్టుకు వస్తారు. 'పొలం దున్నుతుంటే దొరికాయి, ఎంతిస్తారు?' అంటారు. చవగ్గా వస్తున్నాయని చెయ్యి చాపారో... చిక్కే! 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. సొంతంగా విదేశాలకు పంపకూడదు. అందుకే కొలువులో చేరేముందు కుర్రాడు యజమానిని అడగాల్సిన మొదటి మాట జీతం గురించి కాదు, లైసెన్సు గురించి.

చట్టం సరే, ఆ నాలుగు రాగి బిళ్లలకు అంత పట్టింపు ఎందుకంటే... జవాబు జగిత్యాల జిల్లాలోనే ఉంది. గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల. అక్కడ దొరికిన నాణేలను సంగనభట్ల నరహరిశర్మ ఓపిగ్గా సేకరించి శాసన పరిశోధకుడు పి.వి.పరబ్రహ్మశాస్త్రికి అందించారు. వాటి మీది బ్రాహ్మీ లిపిని చదివితే గోబద, నారన, సమగోప లాంటి పేర్లు బయటపడ్డాయి. శాతవాహనులకు మూలపురుషుడిగా పురాణాలు చెప్పే సిముకుడి పేరు కూడా 'చిముక'గా కనిపించింది. 1979 నుంచి పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. నాడీ శస్త్రచికిత్స నిపుణుడైన డాక్టర్‌ దేమె రాజారెడ్డి కూడా ఈ నాణేలను అధ్యయనం చేశారు. అవే నాణేలు పాతసామాన్ల తక్కెడలో పడి కరిగిపోయి ఉంటే? ఆ పేర్లూ వాటితోనే పోయేవి. కోటిలింగాలలో కొంత భాగాన్ని ఎల్లంపల్లి నీళ్లు ముంచేశాక ఆ చిన్న బిళ్లల విలువ ఇంకా పెరిగింది.

లక్షలిస్తామంటే...

'మీ పాత అయిదు రూపాయల నోటుకు లక్షలిస్తాం' అంటూ ఫోన్లు వస్తుంటాయి. ముందు కమీషనో, పన్నో కట్టమంటారు. కడితే అంతే సంగతులు. తన పేరు వాడుకుని ఇలా వసూళ్లు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. తాను ఈ లావాదేవీలు జరపననీ, రుసుములు అడగననీ స్పష్టం చేసింది. మంచి కొట్లో కుర్రాడు ఆశగా వచ్చిన పెద్దావిడకు కూడా ఉన్నమాటే చెబుతాడు: 'దీనికి ముఖవిలువే అమ్మా, మనవడికి ఇవ్వండి' అని. ఆ ఒక్క బేరం పోతుంది. పదిమందిలో నమ్మకం మిగులుతుంది.

ఇంట్లోంచే మొదలు

నేర్చుకోవడానికి పైసా ఖర్చు అక్కర్లేదు. జేబులో నాణెం తీసి, సంవత్సరం కింద చూడాలి. నక్షత్రం ఉంటే హైదరాబాదులో పుట్టింది. వజ్రం గుర్తు ముంబయిది, చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఇంట్లో ఉర్దూ తెలిసిన పెద్దలుంటే వాళ్ల దగ్గర కూర్చుని హాలీ సిక్కా మీది అక్షరాలు పట్టుకోవచ్చు. హైదరాబాదు వెళ్లినప్పుడు 2022లో తెరిచిన సైఫాబాద్‌ టంకశాల మ్యూజియం చూడొచ్చు. ఇంకా లోతుకు వెళ్లాలనుకునే వారి కోసం నాసిక్‌ దగ్గరి ఆంజనేరిలో నాణేల పరిశోధన సంస్థ 1980లోనే ఏర్పాటైంది.

రేపు కొట్టు యజమాని రూపాయి ఒకటి చేతికిచ్చి 'ఏం కనిపిస్తోంది?' అని అడిగితే, ధర చెప్పడానికి తొందరపడక్కర్లేదు. అది ఏ రాజుది, ఏ ఏటిది, ఎవరింట్లోంచి వచ్చింది... ముందు ఇవి చెప్పగలిగితే చాలు. ధర తర్వాత ఎలాగూ తెలుస్తుంది.