వైద్యుల పంపకము: గణితము చెప్పిన మాట, గడ్చిరోలిలో జరిగిన పని

తెలుగు పాఠము చెప్పుకొనువాడు లెక్కలను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. ఈ వ్యాసమునకు నేను పూనుకొనుటకు కారణము మా తరగతిలోని ఒక పిల్లవాని ప్రశ్న. వాని మేనమామ కూతురు మంచిర్యాలలో ఇంజనీరింగు సీటునకై వెబ్ ఆప్షన్లు పెట్టుకొనుచుండగా వీడు ప్రక్కన కూర్చుండి చూచినాడట. సెలవులు ముగిసి బడికి రాగానే నన్నడిగెను: “సారూ, ఎవరు ఏ కాలేజికి పోవాల్నో కంప్యూటరే పంచుతది గదా! మన దిక్కు దవాఖానలకు డాక్టర్లను గూడ అట్లనే పంచరాదా?”

నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదిది. అల్లపల్లినుండి జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. ఇటు సిరోంచకును ఇంచుమించు అంతే. 1982 ఆగస్టు 26వ తేదీన చంద్రపూరు జిల్లానుండి గడ్చిరోలి వేరుపడినప్పుడు కచేరీలు కొంత దగ్గరైనవి గాని అడవి అడవిగానే నిలిచినది. మా దిక్కున ఒక యింట పురిటినొప్పులు మొదలైనచో, నడిరేయి ఇరుగుపొరుగువారు అడుగు మొదటి మాట “డాక్టరున్నడా?” అనియే. కావున పిల్లవానికి బదులు చెప్పుటకు నేను కొంత చదువవలసి వచ్చినది. అట్లు చదువగా, ఆ ప్రశ్నను గణితవేత్తలు ఏనాడో అడిగియున్నారనియు, వారికి దొరికిన జవాబు మనవంటి ఊళ్లకు మిక్కిలి చేదైనదనియు తెలియవచ్చినది.

అమెరికాలో 1940 ప్రాంతమున ఆసుపత్రులు క్రొత్త డాక్టర్లకొరకు పోటీపడి, చదువు ముగియుటకు రెండేండ్లు ముందే విద్యార్థులను ఒప్పందములతో కట్టివేయసాగినవి. ఆ తొందరకు అడ్డుకట్ట వేయగా ఇంకొక చిక్కు పుట్టినది. పిలుపు వచ్చినచోటికి కొద్ది గంటలలోనే ఔననియో కాదనియో చెప్పవలసివచ్చెను. మేలైన చోటు తరువాత దొరకునేమో యని ఆగుటకు వీలులేదు. తుదకు 1952 నుండి విద్యార్థులు తమకు నచ్చిన ఆసుపత్రుల వరుసను, ఆసుపత్రులు తమకు నచ్చిన విద్యార్థుల వరుసను ఒకే కార్యాలయమునకు పంపుటయు, అచ్చట జతలు కూర్చుటయు ఏర్పాటైనది.

ఈ సంగతితో సంబంధము లేకయే డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను గణితవేత్తలు 1962లో కళాశాల ప్రవేశములను, పెండ్లి సంబంధములను దృష్టాంతముగా గైకొని ఒక చిన్న పత్రము ప్రకటించిరి. అందలి పద్ధతి మన పెండ్లిండ్ల పేరయ్యకు తెలిసినదే. ప్రతి అభ్యర్థియు తనకు మొదట నచ్చినచోట అడుగును. అచ్చటివారు వచ్చినవారిలో మేలైనవారిని తాత్కాలికముగా నిలుపుకొని మిగిలినవారిని పంపివేయుదురు. తిరిగివచ్చినవారు తమ రెండవ చోట అడుగుదురు. అంతకంటె మేలైనవారు వచ్చినచో నిలుపుకొన్నవారినైనను వదలవచ్చును. అడుగవలసిన చోట్లన్నియు ముగియువరకు మాట ఖాయము కాదు. చివరకు ఏర్పడు పొందికలో ఒక గుణమున్నది: “నీకు దొరికినవారిని వదలి నాయొద్దకు రమ్ము, నేనును నావారిని వదలెదను” అని పరస్పరము కోరుకొను జంట ఒక్కటియు మిగులదు. దీనినే స్థిరమైన పొందిక అనిరి. అమెరికా ఆసుపత్రులు 1952 నుండి అనుసరించుచున్న పద్ధతి దీనికి సమానమైనదేయని ఆల్విన్ రాత్ 1984లో నిరూపించెను. 2012లో రాత్‌కును షాప్లీకిని ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. గేల్ 2008లోనే గతించెను. మన దేశమున 2015 నుండి ఐఐటీలకును ఎన్ఐటీలకును కలిపి జరుగుచున్న సీట్ల పంపకమునకు ఆధారము ఈ పద్ధతియే. అందరికిని ఒకే ర్యాంకు వరుస ఉన్నచోట ఇది మరింత సులువగును. ర్యాంకు వరుసలో పిలిచి, మిగిలినవానిలో కోరినది ఇచ్చుటయే పని.

ఇక చేదు మాట. అమెరికాలో పల్లె ఆసుపత్రుల పోస్టులు ఏటేట ఖాళీగా మిగులుచుండెను. జతలు కూర్చు పద్ధతిలో ఏదో పక్షపాతమున్నదనియు, దానిని మార్చినచో పల్లెలకు డాక్టర్లు వత్తురనియు కొందరు తలచిరి. 1986లో రాత్ దీనికి సమాధానము ప్రకటించెను. దానికి ‘పల్లె ఆసుపత్రుల సిద్ధాంతము’ అని పేరు వచ్చినది. ఇచ్చిన కోరికల వరుసలు మారనంతవరకు, ఒక స్థిరమైన పొందికలో ఖాళీలు మిగిలిన ఆసుపత్రికి మరి యే స్థిరమైన పొందికలోనైనను అదే సంఖ్యలో, ఆ డాక్టర్లే దక్కుదురు.

చదువరులు కాగితముపై వేసి చూడవచ్చును. నాగపూరులో ఒక పోస్టు, చంద్రపూరులో ఒకటి, అడవి అంచున రెండు ఉన్నవనుకొందము. డాక్టర్లు ముగ్గురు. అందరికిని అడవి చివరి కోరికయే. మొదటి డాక్టరునకు నాగపూరు ముందు, చంద్రపూరు తరువాత. రెండవ డాక్టరునకు చంద్రపూరు ముందు, నాగపూరు తరువాత. నాగపూరువారు రెండవ డాక్టరును, చంద్రపూరువారు మొదటి డాక్టరును ఎక్కువగా కోరుదురు. మూడవ డాక్టరు ఇరువురకును కడపటివాడే. డాక్టర్లు అడుగు పద్ధతిలో మొదటివాడు నాగపూరునకు, రెండవవాడు చంద్రపూరునకు పోవుదురు. ఆసుపత్రులు అడుగు పద్ధతిలో వీరిద్దరి చోట్లు తారుమారగును. రెండును స్థిరమైనవే. కాని రెండింటను అడవికి దక్కినది ఆ మూడవ డాక్టరొక్కడే. రెండవ కుర్చీ ఖాళీ. యంత్రమును ఎటు త్రిప్పినను ఖాళీయే. ఇది తెలిసినప్పుడు నాకు కొంత దిగులు కలిగిన మాట నిజము.

ఈ సిద్ధాంతమును మించి అర్థము చేసికొనరాదు. కోరికలే మారినచో, అనగా మంచి వసతి, పిల్లలకు చదువు, వానకాలమున తెగిపోని దారి ఉన్నచో, లెక్కయు మారును. పంపకపు విధానమును మాత్రము మార్చి ఫలమాశించుట వ్యర్థమని దీని భావము. భార్యాభర్తలిద్దరు డాక్టర్లై ఒకే ఊరు కోరినచో స్థిరమైన పొందిక అసలు లేకపోవుటయు కలదని గణితము చెప్పుచున్నది. చిత్రమేమనగా, లెక్కకు లొంగని అట్టి దంపతులే మా జిల్లాకు వచ్చిరి: 1973లో హేమల్కసలో లోక్ బిరాదరీ ప్రకల్పమున ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే. 1986లో గడ్చిరోలిలో ‘సెర్చ్’ సంస్థను నెలకొల్పిన అభయ్ బంగ్, రాణీ బంగ్. వీరి కోరికల వరుసలో అడవి మొదటనుండెను.

బంగ్ దంపతులు డాక్టర్లు మరికొందరు వత్తురని ఎదురుచూడక, డాక్టరు లేనిచోట పసికందు బ్రతుకుటకు ఏమి కావలెనని ప్రశ్నించిరి. పిల్లలను పొట్టన పెట్టుకొను న్యుమోనియాను గుర్తించుటకు ఊపిరి లెక్కింపవలెను. రెండు నెలలలోపు బిడ్డ నిమిషమునకు 60 సార్లుగాని అంతకు మించిగాని ఊపిరి తీసినచో ప్రమాదసూచన. కాని ఊరి మంత్రసానికి అంత పెద్ద లెక్క రాదు. అందుకై ఒక నిమిషపు ఇసుక గడియారమును, పూసలను కూర్చి ఒక పరికరము చేసిరి. పది ఊపిరులకొక పూస జరుపవలెను. ఇసుక దిగులోపల ఎర్రపూస కదలినచో మందు. గేల్, షాప్లీల పత్రముకంటె ఈ పూసలు నాకు తక్కువ గణితముగా తోచలేదు.

తరువాత 39 గ్రామములలో ఆ ఊరి స్త్రీలనే ఎన్నిక చేసి శిక్షణ నిచ్చిరి. వారి చదువు అయిదవ తరగతికిని పదవ తరగతికిని మధ్య. నేడు దరఖాస్తులను జల్లెడపట్టు యంత్రములను గూర్చి విందుము. అవి పూర్వము ఉద్యోగము పొందినవారిని చూచి నేర్చుకొనును. అమెజాన్ సంస్థ తయారుచేయించిన అట్టి యంత్రము స్త్రీల దరఖాస్తులను తక్కువచేసినందున దానిని వదలివేసిరని 2018లో వార్త వచ్చెను. అట్టి జల్లెడలో ఈ గ్రామస్త్రీలలో ఒక్కతెయు నిలిచియుండదు. వీరు బిడ్డను తూచుట, ఒంటివేడి చూచుట, పుట్టినవెంటనే ఊపిరాడని బిడ్డకు ఊపిరి పోయుట నేర్చిరి. రక్తమునకు విషమెక్కిన బిడ్డను ఆసుపత్రికి కొనిపొండని మొదట చెప్పుదురు. తల్లిదండ్రులు పోజాలమన్నచో వారి అనుమతితో జెంటామైసిన్ సూదిమందు తామే ఇత్తురు. పల్లెపడుచు చేతికి సూది ఇచ్చుట సామాన్యమైన సాహసము కాదు. అందుకే పోల్చిచూచుటకు ఈ సేవలేని మరి 47 గ్రామములను గూడ లెక్కలోనికి తీసికొనిరి.

ఫలితము 1999 డిసెంబరులో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినది. సేవ జరిగిన గ్రామములలో పుట్టిన వేయిమందిలో నెలలోపల 62 మంది చనిపోవుచుండగా 1997–98 నాటికి ఆ సంఖ్య 25.5కు దిగినది. తక్కిన గ్రామములలో సుమారు 60 వద్దనే నిలిచినది. ఆ పత్రముపై నున్న అయిదు పేర్లలో ఎం. హనిమిరెడ్డి అను పేరొకటి. మా జిల్లా పనిలో అట్టి పేరు కనబడినప్పుడు కలుగు సంతోషమును చదువరులు మన్నింతురు గాక. 2011లో భారత ప్రభుత్వము ఇంటివద్ద నవజాత శిశుసంరక్షణను ఆశా కార్యకర్తల పనిగా దేశమంతట ప్రవేశపెట్టినది.

పిల్లవానికి ఇదంతయు రెండు పీరియడ్లు చెప్పితిని. అడవి అంచు లెక్కను వాడు నల్లబల్లపై తానే వేసి, రెండవ కుర్చీ ఎదుట సున్న చుట్టెను. మా వీధికి వచ్చు ఆశా కార్యకర్త సంచిలో నుండు త్రాసును వాడును చూచియున్నాడు. ఆమె ఒక యింట బాలింతతో తెలుగున మాట్లాడి, ప్రక్క యింట మాడియాలో మాట్లాడి, బిడ్డ తూకమును మరాఠీలో వ్రాసికొని పోవును.