రొయ్యల కంపెనీ నుంచి వచ్చిన చేతులు

మన అచ్చంపేటలో చేప అంటే చెరువు చేప, లేదా శ్రీశైలం నీళ్ళలో పట్టిన చేప. రొయ్యల ఫ్యాక్టరీ మన దగ్గర లేదు. అయినా ఈసారి దాని గురించి వ్రాస్తున్నాము. ఎందుకంటే పాలమూరు మనిషి పని ఎక్కడుంటే అక్కడికి పోతాడు. ఒకప్పుడు ఆనకట్టలు, కాలువలు, ఆ తర్వాత బొంబాయి, పూణే భవనాలు. ఇప్పుడు భీమవరం వైపు రొయ్యల కంపెనీలకు కూడా ఒకటి రెండు ఇళ్ళ నుంచి వెళ్తున్నారు. అక్కడ పనిచేసేది ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు, శ్రీకాకుళం, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. మనవాళ్ళు కొద్దిమందే. కానీ జబ్బు చేస్తే వాళ్ళు వచ్చేది ఇక్కడికే.

అలా వచ్చిన ఒక తల్లి గురించి చెప్పాలి. ఇరవై అయిదేళ్ళు ఉంటాయి. కుడి చూపుడు వేలి మీద రేగుపండంత గడ్డ. పెద్దగా నొప్పి లేదు, జ్వరం లేదు. సెగగడ్డ అనుకొని అయిదు రోజుల మాత్రలు ఇచ్చి పంపాము. తగ్గలేదని వస్తే మాత్రలు మార్చాము. మూడవసారి వచ్చేటప్పటికి వేలి నుంచి మోచేతి వైపుగా మరో మూడు బుడిపెలు వరుసగా లేచాయి. ఈలోగా తండాలో పెద్దరోగం అన్న మాట పుట్టింది. ఆమె అత్త పసిబిడ్డను ఆమె ఒడిలో పెట్టడం మానేసింది.

మేము దూదిపోగుతో స్పర్శ చూశాము. స్పర్శ చక్కగా ఉంది, నరాలు ఉబ్బలేదు, కుష్టు లక్షణాలు లేవు. మరి ఏమిటి? కట్టు కట్టే గదిలో మా చిన్న సిస్టర్ ఒకరు ఆమె గోళ్ళ మొదళ్ళు చూసి, "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగింది.

"రొయ్యల తలకాయలు తీస్త సిస్టరమ్మా. భీమవరం దిక్కు. ఎనిమిది నెలలు చేసి వచ్చిన."

"ముల్లు గుచ్చుకుందా?"

"రోజూ గుచ్చుకుంటది. ఎన్నని యాదికుంటయి?"

మూడు సార్లు చీటీ వ్రాశాము, ఒక్కసారి కూడా ఆ మాట అడగలేదు. తప్పు మాదే.

చేపలు, రొయ్యలు, వాటి నీళ్ళలో ఉండే ఒక సూక్ష్మక్రిమి ఉంది. పేరు మైకోబాక్టీరియం మారినం. క్షయ, కుష్టు క్రిములకు ఇది బంధువు. ముల్లు గుచ్చుకున్న చోట లోపలికి పోయి, రెండు మూడు వారాల తర్వాత నిదానంగా గడ్డ లేపుతుంది. చల్లదనం దానికి ఇష్టం, అందుకే ఎక్కువగా చేతుల మీదనే ఉంటుంది. మామూలు సెగగడ్డ మాత్రలకు లొంగదు. ముక్క తీసి పరీక్షిస్తే క్షయ లాగానే కనిపించవచ్చు. రోగి చేసే పని తెలియకపోతే పరీక్ష చేసేవారు కూడా దారి తప్పుతారు. సరైన మందులు మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. అయితే ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. పసిబిడ్డను ఎత్తుకోవచ్చు, పాలివ్వవచ్చు. మేము ఆ అత్తగారిని పిలిపించి ముందు చెప్పినది ఈ మాటే.

ఇంతకూ అక్కడ పని ఎలా ఉంటుంది? 2009లో వనామి రొయ్య సాగుకు అనుమతి వచ్చాక కోస్తాలో ఈ కంపెనీలు బాగా పెరిగాయి. చాలా ఏళ్ళుగా మన రొయ్యలను అన్నిటికన్నా ఎక్కువగా కొన్నది అమెరికా. చెరువు నుంచి ఐసులో వచ్చిన రొయ్యను కడిగి, తల తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగి, కౌంటు ప్రకారం వేరుచేసి గడ్డకట్టిస్తారు. తలకు టోపీ, ముక్కుకు గుడ్డ, కాళ్ళకు గమ్ బూట్లు. గాజులు, ఉంగరాలు ఉండకూడదు. మాటిమాటికీ క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచాలి. ఈ నియమాలన్నీ రొయ్య శుభ్రం కోసం పుట్టినవి. రొయ్య చెడకుండా ఉండాలంటే చల్లగా ఉండాలి, కనుక చెయ్యి కూడా గంటల తరబడి ఆ చల్లదనంలోనే నానాలి. తలలు తీయడానికి, ఒలవడానికి చాలాచోట్ల కిలోల లెక్కన కూలి. అందుకే ముల్లు గుచ్చుకున్నా ఎవరూ చెయ్యి ఆపరు. నీళ్ళ పనికి లేవాల్సి వస్తుందని మంచినీళ్ళు తాగడం తగ్గిస్తారు, దాంతో మూత్రంలో మంట మొదలవుతుంది.

నానిన చర్మం పగులుతుంది, గోటి మొదలు ఉబ్బి ఎర్రబడుతుంది, వేళ్ళ సందున ఒరుస్తుంది. రబ్బరు గ్లౌజుల లోపల పలుచని నూలు గ్లౌజు వేసుకుంటే మేలు. అది తడిస్తే వెంటనే మార్చాలి. ఇంటికి వచ్చాక మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు ఆరబెట్టి, కొబ్బరినూనె గాని వాజలైన్ గాని రాయండి. ముల్లు గుచ్చుకున్న రోజును మాత్రం గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. గుచ్చుకున్న ఒకటి రెండు రోజుల్లోనే చెయ్యి బాగా వాచి, బొబ్బలు లేచి, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చక్కెర జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవారికి అది ప్రాణాంతకం.

దగ్గు, పిల్లికూతలు ఉంటే ఒక ప్రశ్న వేసుకోండి: సెలవు రోజున తగ్గి, పనిలోకి వెళ్ళగానే తిరగబెడుతోందా? అలాగైతే రొయ్య ఆవిరి, తుంపరలు పడడం లేదని అర్థం. దగ్గు మందు సీసాలు మార్చుకుంటూ పోకుండా ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి.

కంపెనీని చల్లబరచడానికి అమ్మోనియా వాడతారు. ఘాటు వాసన కళ్ళకు తగిలితే సామాను కోసం ఆగకుండా గాలికి అడ్డంగా బయటికి నడవాలి, కళ్ళను కనీసం పావుగంట నీళ్ళతో కడగాలి. ఇంకొకటి, వాడిన నీళ్ళు నిలవ ఉండే ట్యాంకులోకి ఎవరు దిగమన్నా దిగవద్దు. 2017 మార్చిలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర ఒక ప్లాంటులో అలాంటి ట్యాంకు విషవాయువుకు అయిదుగురు కార్మికులు చనిపోయారు. లోపల పడ్డవారి కోసం ఊపిరి బిగబట్టి దూకేవారే చాలాసార్లు తర్వాతి శవాలు అవుతారు.

జీతంలో ఇ.ఎస్.ఐ. పేరుతో కోత ఉందేమో చీటీ చూడండి. 2019 జూలై నుంచి కార్మికుని వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టరు ద్వారా చేరినవారికీ ఇది వర్తిస్తుంది. నెంబరు ఉంటే వైద్యం ఉచితం, నిబంధనల ప్రకారం జబ్బు సెలవుకు డబ్బు కూడా వస్తుంది. మేము చూసిన ఆ తల్లికి కోత ఉంది గాని నెంబరు ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఫోనులో పాత చీటీ ఫోటో ఉండబట్టి దొరికింది.

హైదరాబాదులో ముక్క పరీక్ష చేయించి, నాలుగు నెలలు మందులు వాడింది. మధ్యలో రెండుసార్లు మానేయబోతే మా సిస్టరు ఫోను చేసి తిట్టింది. ఇప్పుడు మచ్చలు మాత్రమే ఉన్నాయి. మా ఓ.పి. చీటీ మీద పేరు, వయసు కింద ఏం పని అన్న గీత ఒకటి చేర్చాము. అందులో కూలి అని ఒక్క మాట వ్రాసి వదలవద్దని మా వాళ్ళకు చెప్పాము, ఏ కూలి అని అడగాలి.

పోయిన నెల ఆమె మళ్ళీ వచ్చింది. అప్పు తీరలేదట, భీమవరం వెళ్తోంది. వెళ్ళవద్దని చెప్పే శక్తి మాకు లేదు. బిడ్డ ఈసారి అత్త చంకలో ఉంది. నూలు గ్లౌజులు ఎక్కడ దొరుకుతాయని అడిగితే మా స్టోరు నుంచి ఆరు జతలు ఇచ్చి పంపాము.