ఏ వీసా మీద పోతున్నావు వదినా?

రాజంపేట, రాయచోటి, కడప వైపు పల్లెల్లో ఒక మాట తరచుగా వినపడుతుంది. "ఆమె కువైట్‌లో ఉంది" అంటారు. గోదావరి జిల్లాల్లో కూడా ఈ మాట వింటాం. వాన లేక చేను ఎండుతుంది. అప్పు పెరుగుతుంది. ఆడపిల్ల పెళ్ళికి ఎదుగుతుంది. అప్పుడు ఇంటి ఆడమనిషి విమానం ఎక్కుతుంది.

అట్లా వెళ్ళినవాళ్ళలో కొందరు ఇల్లు కట్టుకున్నారు. పిల్లల్ని చదివించుకున్నారు. కొందరు ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. కొందరు తిరిగి రావడానికి దారి లేక అక్కడే ఇరుక్కుపోయారు.

ఎందుకీ తేడా? అంతా తలరాత అంటారు పెద్దవాళ్ళు. తలరాతను ఎవరూ చదవలేరు. కానీ కాగితం మీది రాతను చదవొచ్చు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది కదా! ఆ కాగితాలేమిటో చూద్దాం.

ఒక ఇంటి సంగతి

ఒక వదిన, ఒక ఆడబిడ్డ ఉన్నారనుకుందాం. వదినకు 27 ఏళ్ళు. ఐదో తరగతితో బడి మానేసింది. ఊరికి ఒక సబ్ ఏజెంటు వచ్చాడు. "లక్ష రూపాయలు ఇవ్వు. పదిహేను రోజుల్లో కువైట్ పంపిస్తా" అన్నాడు. వదిన చెవి కమ్మలు కుదువ పెట్టింది. మిగతా డబ్బుకు రెండు రూపాయల వడ్డీకి అప్పు మాట్లాడుకుంది.

రాత్రి అన్నాలు తిన్నాక ఆడబిడ్డ అడిగింది.

"ఏ వీసా మీద పోతున్నావు వదినా?"

"ఏ వీసానో నాకేం తెలుసు? వీసా వచ్చిందన్నాడు. అంతే."

"కాగితం చూశావా?"

"ఫోన్లో చూపించి మూసేశాడు."

ఇక్కడే ఆగి ఆలోచించాలి. లక్ష రూపాయలు పెట్టి గేదెను కొంటే పళ్ళు చూస్తాం, పొదుగు చూస్తాం. మనిషి బతుకు పెట్టే కాగితాన్ని చూడకుండా ఉంటామా?

పాస్‌పోర్టు, వీసా: రెండూ ఒకటి కావు

పాస్‌పోర్టు మన దేశం ఇచ్చే పుస్తకం. "ఈమె మా దేశం మనిషి" అని అది చెప్తుంది. పెద్దవాళ్ళకు ఇచ్చే పాస్‌పోర్టు 10 ఏళ్ళు చెల్లుతుంది. దాని మీద ఒక నంబరు ఉంటుంది. ముందు ఒక ఇంగ్లీషు అక్షరం, తర్వాత 7 అంకెలు. ఆ నంబరును మీ నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇంట్లో వాళ్ళకు కూడా ఇవ్వండి.

వీసా అవతలి దేశం ఇచ్చే అనుమతి. "మా దేశంలోకి రావచ్చు. ఈ పనికే రావాలి. ఇన్ని రోజులే ఉండాలి" అని అది చెప్తుంది. పాస్‌పోర్టు మన ఇంటి తాళం లాంటిది. వీసా పక్కింటి వాళ్ళు తలుపు తీయడం లాంటిది. వాళ్ళు ఎందుకు రమ్మన్నారో దానికే వెళ్ళాలి.

పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. వెళ్ళే రోజుకు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలి. పనికి పోయేవాళ్ళు రెండేళ్ళయినా ఉండి వస్తారు. కాబట్టి అంతకన్నా ఎక్కువ గడువు ఉండటం మంచిది.

వీసాల్లో రకాలు

కువైట్ వీసాల్లో మనం మూడింటిని గుర్తు పెట్టుకుందాం.

ఒకటి, విజిట్ వీసా. ఇది చుట్టపు చూపుకు, ఊరు చూడటానికి ఇచ్చేది. దీని మీద వెళ్ళి జీతానికి పని చేయకూడదు. చేస్తే అక్కడి చట్టం ప్రకారం తప్పు.

రెండు, ఇంటిపని వీసా. దీన్ని 20వ నంబరు వీసా అంటారు. ఖాదిమా వీసా అని కూడా అంటారు. వంట, ఇల్లు ఊడవడం, పిల్లల్ని చూడటం లాంటి పనులకు వెళ్ళేవాళ్ళకు ఇదే ఉండాలి.

మూడు, కంపెనీ వీసా. ఇది 18వ నంబరు. దుకాణాలు, కంపెనీల్లో పనికి ఇచ్చేది.

"ఆజాద్ వీసా", "ఫ్రీ వీసా" అని కూడా కొందరు చెప్తారు. "ఎక్కడైనా పని చేసుకోవచ్చు" అంటారు. చట్టంలో అట్లాంటి వీసా లేదు. ఒకరి పేరు మీద వీసా తీసి, వేరే చోట పని చేయించడాన్నే అట్లా అంటారు. ఎవరి పేరు మీద వీసా వచ్చిందో ఆయన్ని కఫీలు అంటారు. కఫీలు ఇంట్లో కాక, అనుమతి లేకుండా వేరే ఇంట్లో పని చేస్తూ దొరికితే పట్టుకుంటారు. జైలు పడొచ్చు. వెనక్కి పంపేయొచ్చు.

విజిట్ వీసా తొందరగా వస్తుంది. అందుకే ఏజెంట్లు దాని మీద దుబాయి గానీ, మస్కట్ గానీ తీసుకెళ్తారు. "అక్కడికి పోయాక మారుస్తాం" అంటారు. మార్చకపోతే గడువు దాటిపోతుంది. జరిమానా పెరుగుతుంది. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా పోలీసుల దగ్గరికి వెళ్ళడానికి భయం వేస్తుంది. ఎందుకంటే ముందు మన కాగితమే తప్పు.

పాస్‌పోర్టు రెండో పేజీ చూడండి

పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టులో రెండో పేజీ మీద ఒక ముద్ర ఉంటుంది. దాన్ని ఇ.సి.ఆర్. అంటారు. అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్ళే ముందు మన ప్రభుత్వం అనుమతి తీసుకోవాలని అర్థం. కువైట్, సౌదీ, దుబాయి ఉన్న ఎమిరేట్స్, ఖతార్, ఒమాన్, బహ్రెయిన్ ఆ దేశాల్లోవే. మలేషియా కూడా ఉంది.

ఈ అనుమతిని ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అంటారు. 1983లో వచ్చిన చట్టం దీనికి ఆధారం. దీన్ని ఇచ్చే అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అంటారు. వలస వెళ్ళేవాళ్ళను కాపాడే అధికారి అని అర్థం. హైదరాబాదులో ఆయన ఆఫీసు ఉంది.

ఈ ముద్ర ఉన్న ఆడవాళ్ళకు రెండు నియమాలున్నాయి.

మొదటిది వయసు. ఆ దేశాలకు పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి.

రెండోది దారి. 2016 ఆగస్టు నుంచి, నర్సులు తప్ప, ముద్ర ఉన్న ఆడవాళ్ళను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు. ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే సంస్థ ఉంది. తెలంగాణలో టామ్‌కామ్ ఉంది. ఇవి రెండూ రాష్ట్ర ప్రభుత్వాలవి.

ఇప్పుడు మన వదిన సంగతి చూడండి. ఆమెకు 27 ఏళ్ళు. పదో తరగతి పాసు కాలేదు. మరి సబ్ ఏజెంటు ఎట్లా పంపుతానన్నాడు? రెండు దొంగ దారులున్నాయి. కాగితాల్లో వయసు పెంచడం ఒకటి. విజిట్ వీసా మీద పంపడం ఇంకొకటి. వయసు తప్పుగా రాయించడం నేరం. పట్టుబడితే ఏజెంటు పేరు ఎక్కడా ఉండదు. సంతకం మనదే ఉంటుంది.

విమానాశ్రయంలో అధికారులు పాస్‌పోర్టు, వీసా చూస్తారు. "ఎందుకు వెళ్తున్నావు?" అని అడుగుతారు. అనుమానం వస్తే అక్కడే ఆపేస్తారు. ఏజెంటుకు ఇచ్చిన డబ్బు పోతుంది. తెచ్చిన అప్పు మాత్రం ఉంటుంది.

ఇంకా ఏం కావాలి?

వైద్య పరీక్ష: గల్ఫ్ దేశాలు ఒప్పుకున్న పరీక్షా కేంద్రంలోనే చేయించుకోవాలి. రక్తం పరీక్ష చేస్తారు. గుండెల మీద ఎక్స్‌రే తీస్తారు. గర్భం ఉందేమో చూస్తారు. కువైట్‌లో దిగాక మళ్ళీ పరీక్ష ఉంటుంది. ఇక్కడ దొంగ సర్టిఫికెట్ తెచ్చుకుంటే అక్కడ బయటపడుతుంది. తిప్పి పంపుతారు.

పోలీసు సర్టిఫికెట్: మన మీద కేసులు లేవని చెప్పే కాగితం.

పని ఒప్పందం: ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఇందులో యజమాని పేరు, అడ్రసు, ఫోన్ నంబరు ఉండాలి. జీతం ఎన్ని దినార్లో అంకెల్లో ఉండాలి. ఏం పనో, ఎన్నేళ్ళకో ఉండాలి. ఒక కాపీ మన దగ్గర, ఒక కాపీ ఇంట్లో ఉండాలి.

బీమా: ప్రవాసీ భారతీయ బీమా యోజన అంటారు. ఇ.సి.ఆర్. ముద్రతో పనికి వెళ్ళేవాళ్ళు తప్పకుండా తీసుకోవాలి. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు. మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి.

రసీదు: లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా తన సేవకు 30 వేల రూపాయలు, దాని మీద పన్ను కన్నా ఎక్కువ తీసుకోకూడదు. ఎవరికి డబ్బు ఇచ్చినా రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వనివాడికి రూపాయి కూడా ఇవ్వొద్దు.

అక్కడ దిగాక

కువైట్‌లో వేలిముద్రలు తీసుకుంటారు. వైద్య పరీక్ష చేస్తారు. తర్వాత అక్కడ ఉండటానికి అనుమతి ఇస్తారు. దాన్ని అకామా అంటారు. 12 అంకెల నంబరుతో సివిల్ ఐడి కార్డు వస్తుంది. ఆ కార్డు లేకుండా బయట తిరగకూడదు. అకామా గడువు దాటకుండా మార్పించే బాధ్యత యజమానిది. కానీ గడువు తేదీ మనమూ చూసుకుంటూ ఉండాలి.

గడువు దాటి దాక్కుని బతికే వాళ్ళకు కువైట్ ప్రభుత్వం అప్పుడప్పుడు క్షమాభిక్ష ఇచ్చింది. 2018లో, 2020లో, 2024లో అట్లా ఇచ్చింది. కానీ క్షమాభిక్ష ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని నమ్ముకుని వెళ్ళకూడదు.

ఇంటిపని వాళ్ళ కోసం కువైట్‌లో 2015లో ఒక చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి. ఏడాదికి జీతంతో నెల సెలవు ఇవ్వాలి. మన ఇష్టం లేకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. చట్టం ఉన్నా అన్ని ఇళ్ళల్లో ఇది జరగడం లేదు. కానీ సరైన వీసా మీద వెళ్ళినవాళ్ళే ఈ చట్టం పేరు చెప్పి గట్టిగా అడగగలరు.

కష్టం వస్తే భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. అది కువైట్ నగరంలో ఉంది. దాని ఫోన్ నంబరు ఇక్కడే కనుక్కుని రాసుకుని వెళ్ళండి. ఇంట్లో వాళ్ళు మన దేశం నుంచి 1800 11 3090 నంబరుకు ఫోన్ చేయొచ్చు. దీనికి డబ్బులు పడవు. మదద్ అనే ప్రభుత్వ ఏర్పాటు ద్వారా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

వదిన ఏం చేసింది?

మర్నాడు సబ్ ఏజెంటు డబ్బు కోసం వచ్చాడు. వదిన మూడు ప్రశ్నలు అడిగింది.

"అన్నా, ఇది ఏ వీసా? ఎవరి పేరు మీద వచ్చింది? కాగితం నా చేతికి ఇస్తావా?"

"ఆడవాళ్ళకు ఇవన్నీ ఎందుకమ్మా? నన్ను నమ్మవా?" అన్నాడు.

"నమ్ముతాను. కాగితం చదివాక నమ్ముతాను" అంది వదిన.

సాయంత్రం తెస్తానని వెళ్ళాడు. ఆ సాయంత్రం రాలేదు. ఆ వారమూ రాలేదు. వదిన మాట్లాడుకున్న అప్పు తేలేదు. కమ్మలు విడిపించుకుంది. ఆమె కష్టాలు తీరలేదు. చేను ఇంకా ఎండే ఉంది. కువైట్ వెళ్ళాలన్న ఆశా పోలేదు. "30 నిండాక పోతాను. ప్రభుత్వ దారిలోనే పోతాను. ఈలోగా పదో తరగతి కట్టొచ్చేమో కనుక్కో అమ్మాయ్" అంది ఆడబిడ్డతో.

ఆలోచించండి

1. పాస్‌పోర్టుకు, వీసాకు తేడా ఏమిటి?
2. విజిట్ వీసా మీద పనికి వెళ్తే ఏ కష్టాలు వస్తాయి?
3. ఇ.సి.ఆర్. ముద్ర ఉన్న ఆడవాళ్ళకు ఎన్నేళ్ళు నిండాలి? ఎవరి ద్వారా వెళ్ళాలి?
4. పని ఒప్పందంలో ఏమేమి రాసి ఉండాలి?

చేయండి

మీ వీధిలో ఎవరిదైనా పాస్‌పోర్టు ఉంటే అడిగి చూడండి. పేరు, నంబరు, గడువు తేదీ చదవండి. రెండో పేజీ మీద ముద్ర ఉందో లేదో చూడండి. విదేశానికి వెళ్ళాలనుకుంటున్న అక్క ఎవరైనా ఉంటే ఈ పాఠం ఆమెకు చదివి వినిపించండి.