ఫజ్ పెడల్ సొంతంగా చేస్తున్నారా? జర్మేనియం ట్రాన్సిస్టర్ కొనే ముందు ఒక్కసారి ఆగండి

మొన్న మేలో మా ఫ్రెండ్ బ్యాండ్ హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద షో పెట్టింది. గిటార్ వాడిది, కాళ్ల దగ్గరున్న ఫజ్ పెడల్ మాత్రం నేను చేసింది. ముందు రోజు రాత్రి నా రూమ్‌లో ఏసీ వేసుకుని టెస్ట్ చేస్తే సౌండ్ అదిరిపోయింది. మర్నాడు ఐదింటికి సౌండ్ చెక్. ఎండ ఇంకా తగ్గలేదు, పెడల్ డబ్బా ముట్టుకుంటే చురుక్కుమంటోంది. వాడు స్విచ్ నొక్కాడు. నోట్ మొదలవుతుంది, గరగరమంటూ సగంలోనే చచ్చిపోతుంది.

"ఏంట్రా ఇది, నిన్న బానే ఉంది కదా!"

ఆ రోజు ఫజ్ లేకుండానే షో నడిపించారు. సోల్డరింగ్ ఎక్కడో వదులైందనుకున్నా. కాదు. నేను గొప్పగా ఏరికోరి కొన్న ట్రాన్సిస్టర్లే ముంచాయి.

నేను చేసింది ఫజ్ ఫేస్ సర్క్యూట్. 1966లో లండన్‌లోని ఆర్బిటర్ కంపెనీ తెచ్చింది, జిమి హెండ్రిక్స్ వల్ల పేరొచ్చింది. లోపల చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్‌లు. అంత చిన్నది కాబట్టే ట్రాన్సిస్టర్ ఏ కొంచెం తేడాగా ఉన్నా నేరుగా చెవికి తెలుస్తుంది. మొదట్లో దీనికి వాడినవి జర్మేనియంవి. అందుకే నెట్‌లో ఎవర్ని అడిగినా "జర్మేనియం వేస్తేనే అసలు సౌండ్" అంటారు. నేనూ నమ్మి, పాత స్టాక్ ఏసీ128లు ఒక్కోటి మూడొందలు పెట్టి కొన్నా.

అసలు చూడాల్సింది ఒకటే: రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర వోల్టేజ్. 9 వోల్టుల బ్యాటరీకి అది సగం, అంటే 4.5 దగ్గర ఉండాలి. అప్పుడే సిగ్నల్‌కి పైకీ కిందకీ కదలడానికి చోటుంటుంది. అటో ఇటో జరిగిపోతే వేవ్ ఒక పక్కే నలిగిపోయి, నోట్ సాగకుండా మధ్యలో తెగిపోతుంది. మర్నాడు ఇంట్లో మా అక్క హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, పెడల్‌ని దూరం నుంచి మెల్లగా వెచ్చబెట్టా. మీటర్లో 4.5 ఉన్నది పాకుతూ పాకుతూ 7 దాటేసింది. టెర్రస్ మీద విన్న గరగర మళ్లీ వచ్చింది.

కారణం లీకేజ్. జర్మేనియం ట్రాన్సిస్టర్లో బేస్‌కి ఏమీ ఇవ్వకపోయినా కొంత కరెంట్ కారుతూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే అది దాదాపు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల రూమ్‌లో 100 మైక్రోఆంపియర్లు కారేది, 40 డిగ్రీల ఎండలో 280 దగ్గరికి వెళ్తుంది. ఫజ్ ఫేస్‌లో మొదటి ట్రాన్సిస్టర్ నడిచేదే సుమారు 250తో! ఇక దాన్ని కంట్రోల్ చేయడానికి ఏం మిగిలింది చెప్పండి.

మల్టీమీటర్లో గెయిన్ కొలిచే సాకెట్ ఉంటుంది కదా, జర్మేనియం విషయంలో దాన్ని నమ్మొద్దు. కారే కరెంట్‌ని కూడా గెయిన్‌లో కలిపి చూపిస్తుంది. ట్రాన్సిస్టర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని చూడండి, ఒంటి వేడికే నంబర్ పెరుగుతుంది. పెడల్స్ చేసేవాళ్లు ఎప్పట్నుంచో వాడే పద్ధతి ఒకటుంది. కలెక్టర్ దారిలో 2.4 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి 9 వోల్టులు ఇవ్వండి. బేస్ వదిలేసి ఆ రెసిస్టర్ మీద వోల్టేజ్ కొలవండి, అది లీకేజ్. తర్వాత బేస్‌కి 2.2 మెగాఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కరెంట్ ఇచ్చి మళ్లీ కొలవండి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేసి 100తో గుణిస్తే సుమారుగా అసలు గెయిన్ వస్తుంది. నాకు 0.25, 1.05 వచ్చాయి. అంటే గెయిన్ 80, లీకేజ్ 100 మైక్రోఆంపియర్ల పైమాటే. లండన్ చలికి పర్లేదు, మన మే నెలకి కాదు.

కాబట్టి నా సలహా: మొదటి పెడల్ సిలికాన్‌తో చేయండి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే బీసీ547లు రెండు మూడు రూపాయలకే ఇస్తారు. పది తెచ్చుకుని గెయిన్ కొలిచి తక్కువవి ఏరుకోండి. వీటికి మీటర్ సాకెట్ చాలు, లీకేజ్ లెక్కలోకి రాదు. బీసీ547లో ఏ రకం గెయిన్ 110 నుంచి 220, సీ రకం 420 నుంచి 800. సీ కొంటే లాభమనుకోకండి. బుస్సుమనే శబ్దం, ఒక్కోసారి రేడియో స్టేషన్ కూడా ఫ్రీగా వినిపిస్తాయి. ఒకవేళ అవే ఉంటే మొదటి ట్రాన్సిస్టర్ బేస్, కలెక్టర్ మధ్య 47 పికోఫారడ్ కెపాసిటర్ వేస్తే కొంత నెమ్మదిస్తుంది.

ఇంకో తిరకాసు కాళ్లు. చదునైన వైపు మీకేసి తిప్పి చూస్తే, బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి సరిగ్గా తిరగేసి. తిరగేసి పెట్టినా ట్రాన్సిస్టర్ కాస్తో కూస్తో పనిచేస్తుంది, అదే చిక్కు. సౌండ్ నీరసంగా వస్తుంటే సర్క్యూట్ అంతా వెతుకుతూ ఒక రాత్రి పోగొట్టుకున్నా.

జర్మేనియం లెక్కకి రాసిన 8.2 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ని సిలికాన్‌కి అలాగే ఉంచితే కలెక్టర్ దగ్గర 2.3 వోల్టులే వస్తాయి. "సిలికాన్ సౌండ్ చెత్త" అనేవాళ్లలో సగం మంది ఇక్కడే ఆగిపోయి ఉంటారని నా అనుమానం. దాని బదులు 10 కిలోఓమ్‌ల ట్రిమ్ పాట్ పెట్టండి, మీద 103 అని ఉంటుంది. మీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి, ఎర్రది రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి పెట్టి, సన్న స్క్రూడ్రైవర్‌తో 4.5 వచ్చేదాకా తిప్పండి. నాకు 5.4 కిలోఓమ్‌ల దగ్గర కుదిరింది. తర్వాత గిటార్ వాయిస్తూ 4 నుంచి 5.5 మధ్య మీ చెవికి నచ్చిన చోట వదిలేయండి. 15 డిగ్రీలు వేడెక్కినా ఇది కదిలేది 0.2 వోల్ట్ లోపే.

ఇక బయట తిప్పే పాట్‌లు. ఇప్పటి మార్కింగ్ ప్రకారం ఏ అంటే లాగ్, బీ అంటే లీనియర్. వాల్యూమ్‌కి ఏ500కే తీసుకోండి. బీ పెడితే నాబ్ కొంచెం తిప్పగానే మోత, ఆ తర్వాత ఎంత తిప్పినా తేడా ఉండదు. షాప్‌లో లేబుల్ తప్పుండొచ్చు. నాబ్ సరిగ్గా మధ్యలో పెట్టి, ఎడమ చివరి కాలు, నడిమి కాలు మధ్య కొలవండి. మొత్తంలో సగం వస్తే లీనియర్, పదో వంతు చుట్టుపక్కల వస్తే లాగ్.

ఫజ్ నాబ్‌కి బీ1కే నడుస్తుంది, కానీ అసలు అల్లరంతా చివరి పావు వంతులోనే ఉంటుంది. రివర్స్ లాగ్ సీ1కే దొరికితే ఆ చివరి భాగం నాబ్ మీద చక్కగా పరుచుకుంటుంది. మంచి విషయమేంటంటే, ఈ నాబ్ ఎటు తిప్పినా పైన మనం సెట్ చేసిన 4.5 మారదు. రెండో ట్రాన్సిస్టర్‌లోని బ్యాటరీ కరెంట్ మొత్తం 1 కిలోఓమ్ గుండానే పోతుంది, నాబ్ మార్చేది సిగ్నల్‌ని మాత్రమే.

జర్మేనియమే కావాలంటే ట్రిమ్ పాట్ 20 కిలోఓమ్‌లది వేయండి. ఏసీ128 పీఎన్‌పీ కాబట్టి ప్లస్ గ్రౌండ్, మీటర్లో మైనస్ 4.5 చూపిస్తుంది. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్‌కి తగిలించారో, షార్టే.

జూన్‌లో అదే టెర్రస్ మీద ఇంకో షో జరిగింది. ఈసారి వాడి కాళ్ల దగ్గర ఉన్నది బీసీ547 పెడల్, ఐదింటి నుంచి పదింటి దాకా నోరెత్తకుండా పనిచేసింది. పాతది పారేయలేదు. డబ్బా మీద మార్కర్‌తో "ఏసీ రూమ్‌లో మాత్రమే" అని రాసి పెట్టా.