డ్రైవర్ జైలుకెళ్లాక మిగిలే ప్రశ్న

2014 డిసెంబరు 5 రాత్రి ఢిల్లీలో ఒక యువతి ఇంటికెళ్లడానికి ఉబర్ క్యాబ్ బుక్ చేసుకుంది. దారిలో నిద్రపట్టింది. మెలకువ వచ్చేసరికి కారు మనుషుల అలికిడి లేని చోట ఆగి ఉంది. డ్రైవర్ ఆమెపై అత్యాచారం చేసి, ఎవరికైనా చెబితే చంపేస్తానని బెదిరించి, ఇంటి దగ్గర దించి వెళ్లిపోయాడు. ఆమె బెదిరిపోకుండా పోలీసులకు ఫోన్ చేసింది. రెండు రోజుల్లో అతను మథురలో దొరికాడు. 2015 అక్టోబరులో నేరం రుజువైంది, నవంబరులో యావజ్జీవ శిక్ష పడింది. ఏళ్లకేళ్లు సాగే విచారణలకు అలవాటుపడిన మనకి ఇది చాలా వేగంగా జరిగిన న్యాయమే.

మామూలుగా అయితే ఇక్కడితో ఆ వార్త పత్రికల్లోంచి వెళ్లిపోతుంది. కానీ ఆ డ్రైవర్ మీద 2011లోనే ఒక అత్యాచారం కేసు ఉంది. కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు, ఆ తర్వాత ఆ కేసులో నిర్దోషిగా బయటికొచ్చాడు. అతని దగ్గరున్న సత్ప్రవర్తన ధ్రువపత్రం నకిలీదని పోలీసులు తేల్చారు. ఆమె అడగాల్సిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది: అలాంటి మనిషిని నా దగ్గరికి పంపింది ఎవరు? ఏం చూసి పంపారు? క్రిమినల్ కోర్టు ఈ ప్రశ్న వేయదు. దాని ముందున్న ముద్దాయి ఒక్కడే. అతను తప్పు చేశాడా లేదా అన్నదే అక్కడ తేలుతుంది.

ఆ ప్రశ్న అడగడానికి ఆమె 2015 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ కోర్టుకి వెళ్లింది. అసలు పేరు బయటపెట్టకుండా 'జేన్ డో' అనే పేరుతో దావా వేయడానికి అక్కడి కోర్టులు ఒప్పుకుంటాయి. తప్పు కంపెనీ మీద కేసు వేశారన్నది ఉబర్ వాదన. ఇండియాలో డ్రైవర్లతో ఒప్పందం ఉన్నది నెదర్లాండ్స్‌లో నమోదైన తమ మరో కంపెనీకి అని చెప్పింది. అంటే క్యాబ్ ఢిల్లీది, యాప్ అమెరికాది, కాగితాలు యూరప్‌వి. అదే ఏడాది సెప్టెంబరులో ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి. ఎంత ఇచ్చారో బయటికి రాలేదు.

రెండేళ్ల తర్వాత అంతకన్నా దారుణమైన సంగతి బయటపడింది. ఉబర్ ఉన్నతాధికారి ఒకాయన ఆమె వైద్య నివేదికను సంపాదించాడని, ఇదంతా పోటీ కంపెనీ ఓలా పన్నిన కుట్రేమోనని పై స్థాయిలో చర్చించుకున్నారని 2017 జూన్‌లో అమెరికా పత్రికలు రాశాయి. ఆ అధికారి ఉద్యోగం పోయింది. ఆమె మళ్లీ దావా వేసింది. అది కూడా ఆ డిసెంబరులో రాజీతోనే ముగిసింది. ఫిర్యాదు చేసిన ఆడమనిషిని నమ్మడానికి బదులు ఆమె ఆస్పత్రి కాగితాలు తిరగేశారన్న ఆ ఆరోపణ చదివినప్పుడు కలిగిన కోపం నాకిప్పటికీ తగ్గలేదు.

ఇలాంటి దావాలన్నిటికీ మూలం ఒకటే: డ్రైవర్ కంపెనీ మనిషా, కాదా? ఆర్టీసీ బస్సు గుద్దితే నష్టపరిహారం కోసం ఎవరూ డ్రైవర్ ఇంటి తలుపు తట్టరు, సంస్థనే అడుగుతారు. ఉద్యోగి పనిలో ఉండగా చేసిన తప్పుకి యజమాని జవాబుదారీ అన్నది చాలా చోట్ల ఉన్న సూత్రం. యాప్ కంపెనీలు మొదటి నుంచీ చెప్పేదేమిటంటే, మాకు డ్రైవర్లు ఉద్యోగులు కారు, వాళ్లు స్వతంత్ర కాంట్రాక్టర్లు, మేం కేవలం ప్రయాణికుణ్ణీ డ్రైవర్‌నీ కలిపే సాఫ్ట్‌వేర్ వాళ్లం అని. చార్జీ ఎంతో కంపెనీ చెబుతుంది, డబ్బు కంపెనీ ఖాతాలోకి వెళ్తుంది, ఏ డ్రైవర్ రావాలో కంపెనీయే నిర్ణయిస్తుంది, రేటింగ్ పడిపోతే డ్రైవర్ ఐడీ బ్లాక్ చేసేదీ కంపెనీయే. ఇన్ని చేసి 'వాడు మా మనిషి కాదు' అంటే నమ్మడం కష్టం. అయినా 2020 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు డ్రైవర్లను కాంట్రాక్టర్లుగానే ఉంచే ప్రతిపాదనని ఆమోదించారు.

కంపెనీలకి ఇంకో రక్షణ కూడా ఉంది. డ్రైవర్ ఉద్యోగే అనుకుందాం, అత్యాచారం చేయడం అతని ఉద్యోగంలో భాగం కాదు కదా అని వాదించవచ్చు. చాలా కోర్టులు ఈ వాదనని ఒప్పుకున్నాయి. దీనికి విరుగుడుగా బాధితుల లాయర్లు పాత రవాణా చట్టాల వైపు తిరిగారు. డబ్బు తీసుకుని జనాన్ని మోసే రైల్వే, బస్సు కంపెనీలకి ప్రయాణికుల భద్రత విషయంలో మామూలు వ్యాపారికన్నా ఎక్కువ బాధ్యత ఉంటుంది, సొంత సిబ్బంది నుంచి కూడా వాళ్లని కాపాడాలి. ఆ నియమం యాప్ కంపెనీకీ వర్తించాలన్నది వాళ్ల పట్టు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి జవాబు మారుతూ వచ్చింది.

కొన్నేళ్ల పాటు గొడవంతా డ్రైవర్ల నేపథ్య తనిఖీ చుట్టూ తిరిగింది. కంపెనీలు పేరు, సోషల్ సెక్యూరిటీ నంబర్ పెట్టి ప్రైవేటు ఏజెన్సీల చేత రికార్డులు వెతికించేవి. టాక్సీ డ్రైవర్లలా వేలిముద్రలు ఇవ్వాలన్న నిబంధనని ఒప్పుకోలేదు. 2016 మేలో టెక్సాస్‌లోని ఆస్టిన్ నగర ఓటర్లు వేలిముద్రలు ఉండాల్సిందేనని తేల్చడంతో ఉబర్, దాని పోటీ కంపెనీ లిఫ్ట్ రెండూ ఆ ఊరు వదిలి వెళ్లిపోయాయి. మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభ నగరాల నిబంధనలని పక్కన పెట్టే చట్టం చేశాకే తిరిగొచ్చాయి. అదే 2017లో మసాచుసెట్స్ రాష్ట్రం తనే మళ్లీ తనిఖీ చేసింది. కంపెనీల పరీక్షలో నెగ్గిన 71,000 మంది దాకా డ్రైవర్లలో 8,000 మందికి పైగా రాష్ట్ర పరీక్షలో తప్పారు. వాళ్లలో 51 మంది లైంగిక నేరస్థుల జాబితాలో ఉన్నవాళ్లు. ఆ 51 మంది కార్లలో అంతకుముందు ఎందరు ఆడపిల్లలు ఒంటరిగా ఎక్కి ఉంటారో!

తనిఖీకన్నా పెద్ద అడ్డంకి యాప్‌లోనే దాగి ఉండేది. ఫోన్లో యాప్ వేసుకునేటప్పుడు నిబంధనలకి 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కుతాం. ఎవరూ చదవరు, చదివేంత తీరికా ఉండదు. ఏ తగాదా వచ్చినా కోర్టుకి వెళ్లకుండా ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు ఆ పేజీల్లోనే ఉండేది. మధ్యవర్తి గదిలో జ్యూరీ ఉండదు, విలేకరులు ఉండరు, ఒకరి కేసులో తేలిన విషయం ఇంకొకరికి తెలియదు. అత్యాచారానికి గురైన మనిషికీ చార్జీ ఎక్కువైందని గొడవపడే మనిషికీ ఒకటే దారి. 2018 ఏప్రిల్‌లో 14 మంది మహిళలు ఉబర్ డైరెక్టర్ల బోర్డుకి బహిరంగ లేఖ రాసి, మమ్మల్ని కోర్టుకి వెళ్లనివ్వండి అని అడిగారు. మే 15న ఉబర్ లైంగిక దాడుల విషయంలో ఆ షరతు ఎత్తేసింది, అదే రోజు లిఫ్ట్ కూడా. 2022 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఇలాంటి కేసుల్లో బలవంతపు మధ్యవర్తిత్వం చెల్లదని చట్టమే తెచ్చింది. ఈనాడు వేల సంఖ్యలో దావాలు కనబడుతున్నాయంటే ఆ తలుపు తెరుచుకోవడం పెద్ద కారణం.

ఆ తర్వాత లెక్కలు బయటికి రావడం మొదలైంది. 2019 డిసెంబరులో ఉబర్ మొదటి భద్రతా నివేదిక విడుదల చేసింది. 2017, 2018 సంవత్సరాల్లో అమెరికాలో తీవ్రమైన లైంగిక దాడుల కింద 5,981 ఫిర్యాదులు వచ్చాయని, వాటిలో 464 అత్యాచారాలని ఒప్పుకుంది. తర్వాతి రెండు నివేదికలూ కలిపి 2022 చివరిదాకా చూస్తే మొత్తం 12,522. నిందితులందరూ డ్రైవర్లే కారు. మొదటి నివేదికలో నిందితుల్లో నూటికి 45 మంది ప్రయాణికులే, అంటే దాడికి గురైనవాళ్లలో డ్రైవర్లూ ఉన్నారు. ఆ మాట కూడా చెప్పుకోవాలి. అత్యాచారాల దగ్గరకొచ్చేసరికి మాత్రం బాధితుల్లో నూటికి 92 మంది ప్రయాణికులు.

అయితే కంపెనీ తనంతట తాను చెప్పిన లెక్క ఒకటి, కోర్టు ఫైళ్లలో సీలు వేసి ఉన్న లెక్క ఇంకొకటి. 2025 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఆ సీలు చేసిన కాగితాల ఆధారంగా ఒక కథనం ప్రచురించింది. అదే ఆరేళ్లలో లైంగిక దాడి లేదా లైంగిక దుష్ప్రవర్తన ఫిర్యాదు వచ్చిన ట్రిప్పులు 4,00,181. సగటున ప్రతి 8 నిమిషాలకి ఒకటి. వీటిలో నూటికి 75 వంతులు అసభ్య వ్యాఖ్యల్లాంటి తక్కువ తీవ్రత ఉన్నవని, మొత్తం 630 కోట్ల ట్రిప్పులతో పోలిస్తే ఇది చాలా స్వల్పమని ఉబర్ జవాబిచ్చింది. శాతాల్లో చూస్తే ఆ మాట నిజమే. కానీ మిగతా నాలుగో వంతు లక్ష మంది దాకా ఉంటారు. ఏ శాతంలోనూ ఇమడని బాధ అది.

ఆ కథనంలో నన్ను ఆపేసింది ఈ అంకె కాదు. ఏ ట్రిప్పుల్లో ప్రమాదం ఎక్కువో కంపెనీ తన డేటాతోనే కనిపెట్టిందన్న సంగతి. అర్ధరాత్రి దాటాక, బార్ల దగ్గర ఎక్కించుకునే ట్రిప్పుల్లో ముప్పు ఎక్కువ. బాధితులు దాదాపు అందరూ స్త్రీలు, దాడి చేసేది దాదాపు అందరూ మగవాళ్లు. డ్రైవర్‌నీ ప్రయాణికురాలినీ జతచేసే క్షణంలోనే ఆ ట్రిప్పుకి ఎంత ముప్పుందో అంచనా కట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర ఉంది. ఆ అంచనా ఆమె ఫోన్లో కనబడదు. ఆమెకి కనబడేది డ్రైవర్ పేరు, బండి నంబరు, నాలుగు పాయింట్ల చిల్లర రేటింగ్.

2023 అక్టోబరు నుంచి ఉబర్ మీద ఫెడరల్ కోర్టుల్లో పడ్డ ఇలాంటి దావాలన్నిటినీ శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి చార్లెస్ బ్రేయర్ ముందుకి చేర్చారు. వాటి సంఖ్య 3,000 దాటింది. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టులో ఇంకొన్ని వందలు విడిగా నడుస్తున్నాయి. ఇన్ని కేసులని ఒక్కొక్కటిగా విచారిస్తే ఒక తరం గడిచిపోతుంది. అందుకని కొన్నిటిని నమూనాగా ఎంచి ముందు విచారిస్తారు. ఆ తీర్పులు చూసి మిగతావాటిలో రాజీకి ఎంత అడగాలో, ఎంత ఇవ్వాలో ఇరుపక్షాలూ బేరీజు వేసుకుంటాయి.

మొదటి తీర్పు 2025 సెప్టెంబరులో రాష్ట్ర కోర్టులో వచ్చింది. ఒక ప్రయాణికురాలికి 2016లో ఎదురైన ఘటన అది. భద్రత విషయంలో ఉబర్ నిర్లక్ష్యంగా ఉందని జ్యూరీ ఒప్పుకుంది. కానీ ఆమెకి జరిగిన హానికి ఆ నిర్లక్ష్యం ముఖ్య కారణమని రుజువు కాలేదంది. దాంతో పైసా దక్కలేదు.

రెండోది 2026 ఫిబ్రవరిలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో వచ్చింది. ఒక ప్రయాణికురాలు వేసిన ఆ కేసులో జ్యూరీ ముందు విడివిడి ప్రశ్నలు ఉన్నాయి. ఉబర్ నిర్లక్ష్యంగా ఉందా? లేదు. భద్రతా ఏర్పాట్ల రూపకల్పనలో లోపం ఉందా? లేదు. డ్రైవర్ ఉబర్ తరఫు మనిషిలా కనబడ్డాడా? అవును. ఆ ఒక్క 'అవును' మీదే 85 లక్షల డాలర్లు చెల్లించమన్నారు. కంపెనీని శిక్షించడానికి విధించే అదనపు సొమ్ముకి మాత్రం ఒప్పుకోలేదు. ఆ డ్రైవర్‌కి పాత నేరాలేమీ లేవు, మంచి రేటింగ్‌తో వేల ట్రిప్పులు నడిపినవాడని కంపెనీ వాదించింది. తనిఖీ ఎంత గట్టిగా చేసినా అతను దొరికేవాడు కాదన్నమాట. అయినా జ్యూరీ ఒక సాదాసీదా విషయాన్ని పట్టుకుంది: ఆ అమ్మాయి రోడ్డు మీద వెళ్తున్న ఎవరో అపరిచితుడి కారెక్కలేదు, ఉబర్ పంపిన కారెక్కింది. నా దృష్టిలో కంపెనీలు ఎక్కువగా భయపడాల్సిన తీర్పు ఇదే. నిర్లక్ష్యాన్ని రుజువు చేయడానికి లోపలి కాగితాలు కావాలి, నిపుణులు కావాలి, ఏళ్ల సమయం కావాలి. కంపెనీ పేరు చూసి నమ్మి ఎక్కాను అని చెప్పడానికి ఆ ట్రిప్పు రసీదే సగం సాక్ష్యం.

దావాల ఒత్తిడి ఊరికే పోలేదు. ఆడ డ్రైవర్‌ని ఎంచుకునే వీలు లిఫ్ట్ అమెరికాలో 2023లో తెచ్చింది, ఉబర్ 2025లో కొన్ని నగరాల్లో మొదలుపెట్టింది. సౌదీ అరేబియాలో మహిళా డ్రైవర్లు మహిళలనే ఎక్కించుకునే సదుపాయాన్ని ఉబర్ 2019లోనే ఇచ్చింది. అక్కడ చేయగలిగినదానికి సొంత దేశంలో ఆరేళ్లు ఎందుకు పట్టిందో కంపెనీ చెప్పాలి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుకుంటూ రాత్రి షిఫ్టు ముగించుకుని యాప్ కారులో గదికి వెళ్లే మన అమ్మాయిలు చాలామంది ఉన్నారు. కేసు పెడితే వీసా పోతుందేమోనన్న భయం వాళ్లని నోరెత్తనివ్వదు. సివిల్ దావా వేయడానికి పౌరసత్వం అక్కర్లేదు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లూ వేయవచ్చు. నేర దర్యాప్తుకి సహకరించే బాధితుల కోసం అక్కడి చట్టంలో యూ వీసా అనే ప్రత్యేక రక్షణ ఉంది, లైంగిక దాడి ఆ నేరాల జాబితాలో ఉంది. అయితే దావా వేయడానికి గడువు రాష్ట్రానికో రకంగా ఉంటుంది, కాబట్టి ఆలస్యం చేయకూడదు. యాప్‌లోని ట్రిప్పు వివరాలు, మెసేజీలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, వీలైనంత త్వరగా ఆస్పత్రికి వెళ్లి పరీక్ష చేయించుకోవాలి.

మరి ఇక్కడ ఇలాంటి దావాలు ఎందుకు కనబడవు? అమెరికాలో బాధితురాలి దగ్గర ముందు డబ్బు తీసుకోకుండా, గెలిస్తే వచ్చేదాంట్లో వాటా తీసుకునే పద్ధతిలో లాయర్లు కేసు పట్టుకుంటారు. మన బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి. పైగా పరిహారం ఎంత అడిగితే దాన్నిబట్టి కోర్టు ఫీజు కట్టాలి. దెబ్బతిన్న ఆడపిల్లకి ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే మన పోరాటమంతా క్రిమినల్ కేసుతోనే ఆగిపోతుంది. 2013 అక్టోబరులో హైదరాబాద్‌లో క్యాబ్ అనుకుని కారెక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిపై జరిగిన అఘాయిత్యం, మనం 'అభయ' కేసని పిలుచుకున్నది, నిందితులిద్దరికీ 20 ఏళ్ల శిక్షతో ముగిసింది. ఆ మరుసటి ఏడాది షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు వచ్చాయి. 2024లో తెలంగాణ పోలీసులు టీ-సేఫ్ తెచ్చారు, 100కి ఫోన్ చేసి 8 నొక్కితే ప్రయాణం ముగిసేదాకా కనిపెట్టి ఉంటారు. ఇవన్నీ పోలీసులు మోస్తున్న భారం. బండి పంపి డబ్బు తీసుకున్నవాళ్ల వంతు ఏమిటన్నది అలాగే ఉంది.

ఆ వంతు ఏమిటో తేల్చడానికి బెంగళూరులో ఒక ప్రయాణికురాలు ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో ఓలా క్యాబ్‌లో డ్రైవర్ ఆమె ముందే అసభ్యంగా ప్రవర్తించాడు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం కింద విచారణ జరపమని ఆమె కంపెనీని కోరితే, డ్రైవర్ మా ఉద్యోగి కాడు, ఈ ఫిర్యాదు మా కమిటీ పరిధిలోకి రాదంది కంపెనీ. 2024 సెప్టెంబరు 30న కర్ణాటక హైకోర్టు జడ్జి ఆ వాదన కొట్టేశారు. ఆ చట్టం దృష్టిలో డ్రైవర్ ఉద్యోగే అన్నారు, 90 రోజుల్లో విచారణ ముగించమన్నారు, ఆమెకి 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమన్నారు. వారం తిరక్కుండానే అదే హైకోర్టు ధర్మాసనం ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. 2025 జులైలో కేంద్రం యాప్ కంపెనీలకి ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో డ్రైవర్ల పోలీసు తనిఖీ, 40 గంటల శిక్షణ, బండి ఎక్కడుందో చూపే పరికరం, ప్రయాణికులకి 5 లక్షల బీమా ఉన్నాయి. అవి లైసెన్సు షరతులు. డ్రైవర్ చేసిన దాడికి కంపెనీ బాధితురాలికి నేరుగా జవాబు చెప్పాలా అన్నది మళ్లీ ఏదో ఒక కోర్టులో, ఇంకెవరో ఒక ఆడమనిషి ధైర్యం చేసి అడిగితే తేలాల్సిందే.